వజూ నీళ్లకూ హిసాబ్ ఉంది



పర్యావరణం అనగానే మన ఇళ్లల్లో చాలామందికి అది పిల్లల స్కూలు ప్రాజెక్టులాగా వినిపిస్తుంది. జూన్ 5న ఒక మొక్క పట్టుకుని ఫోటో దిగితే ఆ సంవత్సరానికి ఫర్జ్ అదా అయిపోయినట్టే. మా అనంతపురంలో మాత్రం ఆ పెద్ద మాటకు అందరికీ తెలిసిన చిన్న పేరు ఒకటుంది: నీళ్లు. పొద్దున లేచాక బిందె నిండిందా లేదా అన్నదే మా పర్యావరణం. అందుకే ఈసారి ఇంట్లో, మస్జిద్‌లో, దావత్‌లో మనం రోజూ చేసే పనుల గురించి రాస్తున్నాను. నాకు పెద్ద ఇల్మ్ ఏమీ లేదు. చిన్నప్పుడు కడవ మోసిన భుజం మాత్రం ఉంది.

మాది ఉమ్మడి అనంతపురం జిల్లా. 2022 ఏప్రిల్‌లో జిల్లాను రెండు చేశారు. కదిరి, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయాయి. కరువుకు మాత్రం ఈ బట్వారా సంగతి తెలియదు, రెండు వైపులా సమానంగానే కాపురం చేస్తోంది. సంవత్సరం మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల దాకా వాన పడితే అదే మాకు నేమత్. నైరుతి మబ్బులు పడమటి కనుమల అవతలే బరువు దించుకుని మా దగ్గరికి వట్టి గాలిగా వస్తాయి. ఈశాన్యం మబ్బులకు బంగాళాఖాతం నుంచి మేము చాలా దూరం. కింద చూస్తే గట్టి రాయి. ఆ రాతి పగుళ్లలో దాగిన నీళ్లే బోరులో పైకొచ్చేవి. అందుకే ఒకరింట్లో బోరు పడుతుంది, పక్కింట్లో దుమ్ము లేస్తుంది. చాలా పల్లెల్లో పడిన ఆ కాసిని నీళ్లలోనూ ఫ్లోరైడు.

మా పెద్దలు చెరువులకు పెట్టుకున్న పేర్లు చూడండి. అనంతపురానికి ఆ పేరే అనంతసాగరం అనే చెరువు మీదుగా వచ్చిందంటారు. దాని పక్కన బుక్కరాయసముద్రం. విజయనగరం రాజుల నాటి చెరువులివి. ఒకటి సాగరం, ఇంకొకటి సముద్రం! నీళ్లు లేనోళ్లకే నీళ్ల మీద ఇంత ఆశ ఉంటుంది. 1990ల మధ్యలో శ్రీ సత్యసాయి తాగునీటి పథకం కింద 731 పల్లెలకు పైపులు వేశారు. మా ఊరికి కొళాయి వచ్చేదాకా నేను, మా అక్క బడికి పోయే ముందు ఊరి బయట దిగుడుబావికి రెండు సార్లు పోయి రావలసిందే. ఇప్పుడు హంద్రీ-నీవా కాలువలో శ్రీశైలం నుంచి కృష్ణ నీళ్లు కూడా మా జిల్లాకు వస్తున్నాయి. అల్‌హందులిల్లాహ్. కానీ కాలువ మన ఊరి పక్కగా పోవడం వేరు, మన వంటింటి బిందెలోకి రావడం వేరు.

మా పుట్టిల్లు దూదేకుల ఇల్లు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, దుఆలు మాత్రం అరబీలో. పెళ్లయి టౌనుకొచ్చాక మెట్టినింట్లో ఉర్దూ. పుట్టింట్లో నాయన, జేజి అనేదాన్ని, ఇక్కడ అబ్బా, అమ్మీ అంటున్నాను. భాష మారినంత సులువుగా నీళ్ల అలవాటు మారలేదు. మా జేజి వజూకు ఒక సిల్వర్ బద్నా పెట్టుకునేది. గోలెంలోంచి ఒక్క బద్నా తీసుకుని కరివేపాకు చెట్టు పాదు దగ్గర కూర్చునేది. నోరు పుక్కిలించినా, కాళ్లు కడిగినా ఆ నీళ్లు చెట్టుకే. బియ్యం కడిగిన నీళ్లు మేకకు. గిన్నెలు తొలిచిన బూడిద నీళ్లు వాకిట్లో దుమ్ము లేవకుండా చల్లడానికి. ఈ పనులకు ఆమె ఏ పేరూ పెట్టలేదు. మంచినీళ్లు రెండోసారి మోయలేక చేసిన పనులవి.

టౌనులో మిద్దె మీద ట్యాంకు ఉంటుంది. కొళాయి తిప్పితే ధార వస్తుంది. మోసే భుజం లేనప్పుడు నీటి బరువు ఎవరికీ తెలియదు.

పోయిన ఎండాకాలం మా మొహల్లా మస్జిద్ బోరు ఎండిపోయింది. ఏప్రిల్ చివర్లో మొదట ఇసుక నీళ్లొచ్చాయి, తర్వాత గాలి. ఇంట్లోనే వజూ చేసుకుని రండి అని ఫజర్‌కు ముందు మైకులో ఏలాన్ చేశారు. కమిటీ కూర్చుంది. చందా వేసుకుని ఇంకా లోతుకు వేయిద్దామని ఒక మాట, ఈలోపు రోజూ ట్యాంకర్ తెప్పిద్దామని ఇంకో మాట. మా ఆయన ఇంటికొచ్చి ఇదంతా చెబుతుంటే నేనొకటి అడిగాను: "అంత లోతు పోయేముందు, రోజుకు ఎన్ని నీళ్లు వాడుతున్నామో ఎవరైనా కొలిచారా?" కొలవలేదు. ఆడదాని మాట కమిటీ దాకా సీదాగా పోదు కాబట్టి ముందు మా ఇంట్లోనే కొలిచాను.

పని చాలా సింపుల్. ఒక బకెట్‌కు లోపల లీటరు లీటరుకు ఒక గీత గీశాను. ఆ రోజు అసర్‌కు అందరూ కొళాయి కింద ఆ బకెట్ పెట్టుకునే వజూ చేయాలన్నాను. మా ఆయనకు ఆరు లీటర్లు అయ్యాయి. నాకు ఐదు. అమ్మీకి నాలుగు. ఏడో తరగతి చదివే మా చిన్నోడికి ఎనిమిది. వాడు వజూ చేస్తున్నాడో కొళాయితో ఆడుకుంటున్నాడో అల్లాహ్‌కే తెలుసు. మగ్రిబ్‌కు బద్నాలు ఇచ్చాను. ఎవరిదీ లీటరున్నర దాటలేదు. నలుగురం రోజుకు నాలుగేసి సార్లు వజూ చేస్తామనుకుంటే కొళాయితో 92 లీటర్లు, బద్నాతో 24. నెలకు రెండు వేల లీటర్ల తేడా! ఐదు వేల లీటర్ల ట్యాంకర్ ఒకటి రెండున్నర నెలల్లో మిగిలినట్టే. మస్జిద్‌లో ఐదు వక్తులకూ కలిపి రెండు వందల వజూలు అవుతాయనుకోండి. మనిషికి నాలుగు లీటర్లు మిగిలినా రోజుకు 800 లీటర్లు.

ఇక దీన్ ఏమంటుందో చూద్దాం. మన హుజూర్ (స.అ.స.) ఒక ముద్ద్ నీళ్లతో వజూ చేసేవారని, ఒక సా నుంచి ఐదు ముద్ద్‌ల దాకా నీళ్లతో గుసుల్ చేసేవారని బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. ముద్ద్ అంటే మనిషి రెండు చేతులూ కలిపి పట్టే దోసిలి కొలత. ఈ రోజుల లెక్కలో ముప్పావు లీటరుకు మించదు. నాలుగు ముద్ద్‌లు ఒక సా. అంటే మా చిన్నోడు ఒక వజూకు పారబోసిన నీళ్లతో హుజూర్ రెండు సార్లు గుసుల్ చేసి ఉండేవారు. పారే నది ఒడ్డున కూర్చున్నా వజూలో ఇస్రాఫ్ చేయకూడదనే రివాయత్ ఇబ్నె మాజాలో ఉంది. దాని సనద్ బలహీనమని ముహద్దిసీన్ చెప్పారు, ఆ మాట దాచను. అయినా ఇస్రాఫ్ చేసేవాళ్లను అల్లాహ్ ఇష్టపడడని ఖురాన్‌లోనే ఉన్నప్పుడు, నదులే ఎండిపోయిన మా జిల్లాకు వేరే దలీల్ అక్కర్లేదు. మా పెన్నా, చిత్రావతి సంవత్సరంలో ఎక్కువ రోజులు వట్టి ఇసుకే.

ఈ లెక్కంతా ఒక కాగితం మీద రాసి మా ఆయన చేత హాఫిజ్ సాబ్‌కు పంపాను. ఆయన దాన్ని జేబులో పెట్టుకుని ఊరుకోలేదు. జుమా బయాన్‌లో మన ఇంటి బకెట్ గీతల సంగతి చెప్పారు, పేరు చెప్పకుండా. కొందరు నవ్వారట. పెద్దవాళ్లలో ఒకరు లేచి, "తక్కువ నీళ్లతో మోచేయి తడవకపోతే నమాజ్ ఎవరిది?" అని అడిగారట. న్యాయమైన ప్రశ్నే. హాఫిజ్ సాబ్ అక్కడే ఒక బద్నా తెప్పించి, అందరి ముందూ వజూ చేసి చూపించారు. ప్రతి అవయవం మూడేసి సార్లు, చివర్లో ఇంకా కాసిని నీళ్లు మిగిలాయి. తడిసిందో లేదో అని పదిసార్లు కడిగించేది వస్‌వసా అని, ఆ వస్‌వసాకు నీళ్లు పోయొద్దని అన్నారట.

ఆ తర్వాత వజూఖానాలో సగం కొళాయిలు మార్చారు. నొక్కితే కాసేపు వచ్చి ఆగిపోయే రకం పెట్టారు. మిగతా సగం పాతవే, అవి మార్చడానికి చందా చాలలేదు. బోరు కూడా లోతుకు వేయించారు. నీళ్లు పడ్డాయి కానీ సన్నగా. ఇంకో మంచి పని జరిగింది. వజూ చేసిన నీళ్లు పాకే, మన హనఫీ మసాయిల్ ప్రకారం ఆ ముస్తామల్ నీళ్లతో మళ్లీ వజూ చేయకూడదు, అంతే. చెట్లకు పోయడానికి ఏ అడ్డూ లేదు. అంతకుముందు అవి సీదా మురుగుకాలువలోకి పోయేవి. ఇప్పుడు చిన్న పైపు వేసి సహన్ పక్కన రెండు వేపచెట్లకు, ఒక కానుగకు మళ్లించారు. ఎవరైనా నాటిన చెట్టు నుంచి మనిషి తిన్నా, పిట్ట తిన్నా, పశువు తిన్నా నాటినవాడికి సదఖా అని హదీస్ ఉంది కదా. ఇక్కడ నీళ్లు పోసే సవాబ్ నమాజీలందరికీ పంచుకున్నట్టయింది.

మా జిల్లాలో చెట్టు బతకదు అనేవాళ్లకు ఒక్క మాట. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను దాదాపు ఐదెకరాల్లో పరుచుకుని ఇదే ఎండలో బతుకుతోంది. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో 32 ఎకరాల బీడు భూమితో టింబక్టు కలెక్టివ్ మొదలైంది. అగ్గి పడకుండా, పశువులు పడి మేయకుండా కాపలా కాశారు, వాననీళ్లకు గట్లు వేశారు. ఇప్పుడక్కడ అడవి ఉంది. మన ఖబరస్తాన్‌లన్నీ గోడలున్న స్థలాలే కదా! లోపల ముళ్లకంప తప్ప చెట్టెందుకు లేదో ఒకసారి ఆలోచించండి. జనాజా మోసుకొచ్చినవాళ్లు నిలబడడానికి నీడైనా ఉండాలి.

ఇక్కడ ఒక సంగతి ఇన్సాఫ్‌గా చెప్పుకోవాలి. బద్నాతో వజూ చేస్తే అనంతపురం కరువు పోదు. భూమి లోపలి నీళ్లను ఎక్కువగా తోడేది పంటలు. మా తాతల కాలంలో కొర్ర, సామ, జొన్న, రాగి వాననీళ్లతోనే పండేవి. తర్వాత జిల్లా అంతా శెనక్కాయే అయింది. వాన తప్పితే అప్పు, అప్పు తీర్చడానికి బోరు, బోరు ఎండితే ఇంకో బోరు. మా పెద్దమామ కొడుకులు ఇద్దరూ అలా బోర్లు వేసి వేసి, చివరకు పొలం బీడు పెట్టి బెంగళూరులో సెంట్రింగ్ పనికి పోయారు. ఈద్‌కు వస్తారు, మూడో రోజు బస్సెక్కుతారు. ఈ దర్దుకు మన ఇంటి బకెట్ గీత మందు కాదు. అది చేయాల్సినవాళ్లు వేరే ఉన్నారు, వాళ్లను అడగడం కూడా మన హక్కే.

కానీ ఆ పొలానికీ మన దస్తర్‌ఖాన్‌కూ ఒక దారి ఉంది. కిలో బియ్యం పండడానికి వేల లీటర్ల నీళ్లు కావాలి. కొర్రకు వానే చాలు. మనం కొనని పంటను రైతు ఎందుకు వేస్తాడు? ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం అన్నది, అడిగింది మన దేశమే. ఆ పేరుతో ప్యాకెట్ల ధరలు పెరిగాయి కానీ, మా సంతలో కొర్రలు ఇంకా మామూలు జనం కొనే ధరకే దొరుకుతాయి. మా ఇంట్లో వారానికి రెండు రోజులు రాత్రి పూట రాగి సంగటి, పప్పో ఊరిబిండో. రంజాన్‌లో సెహ్రీకి రాగి అంబలి, మజ్జిగ పోసి. రోజా రోజంతా కడుపు నిమ్మళంగా ఉంటుంది. కొర్రలతో ఖీర్ చేస్తే అమ్మీ మొదట మొహం చిట్లించింది, ఇప్పుడు బెల్లం తగ్గిందని వంక పెడుతుంది, అంటే తింటోందన్నమాట. బిర్యానీ మానమని అనడం లేదు. అలా అంటే మా ఇంట్లోనే బగావత్ వస్తుంది.

బిర్యానీ అంటే దావత్ గుర్తొచ్చింది. మా ఆపా, అంటే మా ఆయన అక్క, హిందూపురంలో ఉంటుంది. ఆమె కొడుకు వలీమా గురించి మాట్లాడుకుంటున్నప్పుడు మనిషికొక చిన్న వాటర్ బాటిల్ పెట్టాలని తీర్మానం. అంతకు నెల ముందే ఇంకో పెళ్లిలో నేను, మా మేనకోడళ్లు టేబుళ్ల మీద సగం తాగి వదిలేసిన బాటిళ్లన్నీ బకెట్లలోకి ఒంపాం. పదకొండు బకెట్లు నిండాయి. బయట అదే వీధిలో కొళాయి దగ్గర బిందెలు క్యూలో ఉన్నాయి. ఆపాకు ఇదే చెప్పాను. ఆమె భయం వేరు. "కంజూసీ చేశారంటారు బేటీ, మగపెళ్లివాళ్లం మనం" అన్నది. అప్పుడు అమ్మీ ఒక మాట అన్నది: మొహర్రంలో కుండలు పెట్టి సబీల్ నడిపితే ఎవరైనా కంజూసీ అన్నారా? దాన్ని సవాబ్ అన్నారు. ఆపా సగం ఒప్పుకుంది. మట్టికుండలు, స్టీలు గ్లాసులు పెట్టించింది, బెంగళూరు మెహ్మాన్ల టేబుళ్లకు మాత్రం బాటిళ్లు. వలీమా అయ్యాక చూస్తే ఆ టేబుళ్లలోనూ కొందరు లేచొచ్చి కుండ నీళ్లే తాగారు. మే నెల కదా, కుండ నీళ్ల చల్లదనం దేనికొస్తుంది!

ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు 2022 జూలై 1 నుంచి దేశమంతా బంద్ అని హుకుం ఉంది. దుకాణాల్లో ఇంకా దొరుకుతూనే ఉన్నాయనుకోండి. విస్తరాకు వేస్తే మేక తింటుంది, ప్లాస్టిక్ ప్లేటు వేస్తే ఆవు తిని చస్తుంది. కటిక దుకాణానికి స్టీలు డబ్బా తీసుకుపోండి. నల్ల కవరు వద్దంటే మా కసాయి భాయ్ మొదట విచిత్రంగా చూశాడు, ఇప్పుడు నా డబ్బా చూడగానే మూత తానే తీస్తాడు. బక్రీద్ రోజు కూడా అంతే. ఖుర్బానీ గోష్త్ పంచడానికి కవర్లకు బదులు గిన్నెలు తిరిగితే పొరుగువాళ్ల గిన్నె ఏదో ఒకటి నింపి తిరిగొస్తుంది. పేగులూ చెత్తా వీధి చివర పారేయకుండా గుంత తీసి పూడ్చితే కుక్కల గొడవ ఉండదు, పక్క వీధివాళ్ల ముందు మన మొహమూ చిన్నబోదు.

మా నాయన చేసిన పని గురించి కూడా చెప్పాలి. ఆయన పరుపులు కుట్టేవారు. ఒక ఇంటి పరుపు నాలుగైదు సంవత్సరాలకు గట్టిపడితే వాళ్లు కబురు పెట్టేవాళ్లు. నాయన విల్లు భుజాన వేసుకుపోయి, గలేబు విప్పి, పాత దూదిని ఎండబెట్టి మళ్లీ ఏకేవారు. మొద్దుబారిన ముద్ద మబ్బులాగా పొంగేది. పైన కాస్త కొత్త దూది కలిపి మళ్లీ కుట్టేవారు. అలా ఒక్క దూది మూడు తరాలు పడుకున్న ఇళ్లు నాకు తెలుసు. చివరికి మట్టిలో కలిసినా మట్టికి నష్టం లేదు. ఇప్పుడు ఫోమ్ పరుపు కుంగితే చెత్తకుప్పే దాని ఖబర్. నాయనకు పని తగ్గింది, విల్లు అటక మీదికి పోయింది. దూదేకుల అన్న మాటను కొందరు వెక్కిరింతగా అనేవాళ్లు. ఉన్నదాన్ని విప్పి, దులిపి, మళ్లీ పనికొచ్చేలా చేసే హునర్ అది. మీ ఊళ్లో ఇంకా ఏకేవాళ్లుంటే పాత పరుపు ఒకటి వాళ్లకు ఇవ్వండి. మీకు పరుపు దక్కుతుంది, వాళ్లకు రోజీ.

ఇక ఆఖరి హిసాబ్, మిద్దె మీదిది. వెయ్యి చదరపు అడుగుల మిద్దె అంటే సుమారు 93 చదరపు మీటర్లు. దాని మీద సంవత్సరంలో 550 మిల్లీమీటర్ల వాన పడితే 51 వేల లీటర్లు. మిద్దె కడిగే మొదటి వానను, ఆవిరయ్యేదాన్ని తీసేసినా 40 వేలు ఎక్కడికీ పోవు. ఎనిమిది ట్యాంకర్ల నీళ్లు! ఐదుగురున్న ఇంట్లో తాగడానికి, వండడానికి మనిషికి రోజుకు పది లీటర్లు వేసుకున్నా సంవత్సరానికి 18 వేల చిల్లరే. ఇంత వాన మన నెత్తి మీద పడి, పైపులోంచి వీధిలోకి, వీధిలోంచి మురుగులోకి పోతోంది. మేము ఎండిన బోరు పక్కన ఇంకుడు గుంత తీయించాం. కింద పెద్ద రాళ్లు, పైన కంకర, ఆ పైన ఇసుక. మిద్దె పైపు దాంట్లోకి. గుంత తీయడానికి వచ్చిన ఇద్దరి రెండు రోజుల కూలీ, కంకర, పైపు, అంతే ఖర్చు. మా గుంత ఒక్కటే బోరును బతికిస్తుందని చెప్పలేను. భూమి లోపల గోడలు లేవు, మేము ఇంకించింది పక్కింటి బోరులో రావచ్చు. వస్తే రానీ. హమ్‌సాయా హక్కు ఎంత పెద్దదో మనకు తెలుసు కదా.

మస్జిద్ మిద్దె మా మిద్దెకు నాలుగింతలు ఉంటుంది. పోయిన ఆగస్టులో వానలు మొహం చాటేస్తే మగవాళ్లంతా ఈద్గాహ్‌కు పోయి నమాజె ఇస్తిస్‌ఖా చదివి వచ్చారు. అరచేతులు నేలవైపు తిప్పి, ఏడ్చి దుఆ చేశారట. సెప్టెంబరులో అల్లాహ్ ఇచ్చాడు, రెండు రాత్రులు గట్టిగా కురిసింది. ఆ రెండు రాత్రులూ మస్జిద్ మిద్దె నీళ్లు పైపులోంచి దూకి వీధిలో పారడం మా కిటికీలోంచి చూశాను. అడిగి తెచ్చుకున్న రహ్మత్ అది. కమిటీకి ఇంకో కాగితం పంపాను, ఈసారి ఇంకుడు గుంత లెక్కతో. జవాబు ఇంకా రాలేదు. ఈ వానాకాలం మొదలయ్యేలోపు వస్తుందని ఉమ్మీద్.

మీ ఇంట్లో ఎవరికీ నసీహత్ చెప్పకండి, గొడవలవుతాయి. ఒక బకెట్‌కు లీటరు లీటరుకు గీత గీసి వజూ చేసే చోట పెట్టండి. మిగతాది ఆ గీతలే చెబుతాయి. పిల్లలకు పోటీ పెడితే ఇంకా మంచిది. మా చిన్నోడిది ఇప్పుడు లీటరు దగ్గర ఆగింది, ముద్ద్ దాకా దిగుతానంటున్నాడు.

దుఆలో యాద్ ఉంచుకోండి.